వీఎమ్‌లో మౌస్ ఎందుకు ఈడుస్తోంది? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఫోన్‌తో కొలవండి

బడంగ్‌పేట్ నుంచి మళ్లీ వచ్చేశా. ఈ రోజు టాపిక్ వినడానికి టెక్నికల్‌గా ఉంటుంది, కానీ అసలు సంగతి డబ్బుది.

వర్చువల్ మెషిన్ ఓపెన్ చేస్తారు. మౌస్ కదిపితే బాణం కాసేపాగి కదులుతుంది. టెర్మినల్‌లో టైప్ చేస్తే అక్షరాలు ఆగి ఆగి, ఒకేసారి గుంపుగా వచ్చి పడతాయి. విండో పట్టుకుని లాగితే, మీ చెయ్యి ఆగిపోయాక కూడా అది వెనకాల నుంచి వస్తూనే ఉంటుంది. ఎవరిని అడిగినా ఒకటే సలహా: "ల్యాప్‌టాప్ పాతదైపోయింది బ్రో, కొత్తది తీస్కో."

ఆ ఒక్క మాట విలువ అరవై డెబ్బై వేలు. మనలాంటి ఇళ్లల్లో అంటే అది ఏడాదో ఏడాదిన్నరో కట్టే ఈఎమ్ఐ. అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది ఒక్కటే. ల్యాగ్ ఎక్కడో ఒక చోట పుడుతుంది. ఎక్కడ పుడుతోందో తెలీకుండా రూపాయి కూడా తియ్యొద్దు. తెలుసుకోవడానికి కావాల్సిన పరికరం మీ దగ్గర ఆల్రెడీ ఉంది, మీ చేతిలో ఉన్న ఈ ఫోనే.

ముందు వీఎమ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తా, తెలిసినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. మన ఏరియాలో చాలా ఇళ్లు ఎలా ఉంటాయి? కింద ఓనర్ ఉంటాడు, పైన అద్దె పోర్షన్. పైనవాళ్లకి వేరే కిచెన్, వేరే బాత్రూం, వేరే తాళం. బయట నుంచి చూస్తే పూర్తిగా వేరే ఇల్లే. కానీ బోరు ఒక్కటే, మోటార్ స్విచ్ ఓనర్ దగ్గర ఉంటుంది. పైన నల్లా తిప్పితే నీళ్లు రావాలంటే కింద ఎవరో ఒకరు మోటార్ వెయ్యాలి. వీఎమ్ ఆ అద్దె పోర్షన్ లాంటిది. మీ విండోస్ ఓనర్, దాన్ని హోస్ట్ అంటాం. లోపల నడిచే ఉబుంటు అద్దెకున్నవాడు, అంటే గెస్ట్. మధ్యలో పంపకాలు చూసేది హైపర్‌వైజర్. వర్చువల్‌బాక్స్, వీఎమ్‌వేర్, హైపర్-వీ, ఇవన్నీ అవే. గెస్ట్‌కి ప్రాసెసర్, మెమరీ, కీబోర్డ్, స్క్రీన్ అన్నీ సొంతంగా ఉన్నట్టే కనిపిస్తాయి. నిజానికి ప్రతిదీ కింద నుంచే రావాలి.

ఇప్పుడు ఒక్క కీ నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు యూఎస్‌బీ కీబోర్డునో మౌస్‌నో కంప్యూటర్ సెకనుకి 125 సార్లు అడుగుతుంది, "ఏమైనా ఉందా?" అని. అంటే ఇక్కడే 8 మిల్లీసెకన్ల వరకు పోవచ్చు. తర్వాత విండోస్ ఆ కీని తీసుకుని వీఎమ్ విండోకి ఇస్తుంది. హైపర్‌వైజర్ దాన్ని గెస్ట్ ముందున్న ఉత్తుత్తి కీబోర్డ్‌లో నొక్కినట్టు చూపిస్తుంది. ఆ టైముకి గెస్ట్‌కి ప్రాసెసర్ దొరక్కపోతే, దొరికేదాకా ఆ కీ లైన్లో నిలబడుతుంది. దొరికాక గెస్ట్ లోపలి యాప్ అక్షరాన్ని గీస్తుంది. గెస్ట్ డెస్క్‌టాప్ దాన్ని తన తర్వాతి ఫ్రేమ్‌లో పెడుతుంది. సెకనుకి 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. ఆ బొమ్మలో ఏ ముక్క మారిందో హైపర్‌వైజర్ చూసి, కాపీ చేసి, విండోస్‌కి ఇవ్వాలి. క్యూఈఎమ్‌యూ లాంటివి కొద్ది మిల్లీసెకన్లకి ఒకసారి ఈ పని చేస్తాయి. విండోస్ మళ్లీ తన ఫ్రేమ్ కోసం ఇంకో 16.7 వరకు ఆగుతుంది. ఆఖర్న స్క్రీన్ దాన్ని చూపించడానికి తన టైమ్ తను తీసుకుంటుంది.

బడంగ్‌పేట్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున పూట వెళ్లేవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఎల్బీ నగర్ దాకా బస్సో ఆటోనో. అక్కడ మెట్రో. అమీర్‌పేట్‌లో దిగి బ్లూ లైన్‌కి మారాలి. ఏ బండీ మెల్లగా పోదు. కానీ ప్రతి చోటా మీరు ప్లాట్‌ఫామ్ మీదకి చేరేసరికి తలుపులు మూసుకుంటే, తర్వాతి దాని కోసం నిలబడాల్సిందే. ఫ్రేమ్ కూడా అంతే. అర మిల్లీసెకను లేటైనా తర్వాతి ఫ్రేమ్ దాకా ఆగాలి. ల్యాగ్‌లో చాలా భాగం ఇలా మార్పిడి దగ్గర ఆగిన టైమే.

మరి ఎంత ఆలస్యం వరకు పర్లేదు? రాబర్ట్ మిల్లర్ అని ఒకాయన 1968లోనే దీని మీద పేపర్ రాశాడు. కీ నొక్కాక పదో వంతు సెకనులోపు, అంటే 100 మిల్లీసెకన్లలోపు స్పందన వస్తే మనిషికి "వెంటనే వచ్చింది" అనిపిస్తుందని. అది దాటేకొద్దీ చేతికీ కంటికీ లంకె తెగిపోతుంది. అక్షరం రాలేదని మళ్లీ నొక్కుతాం, రెండొస్తాయి, ఒకటి చెరుపుతాం. గంట పనికి గంటన్నర పడుతుంది. గేమ్స్ ఆడేవాళ్లకి 100 కూడా ఎక్కువేలెండి, మనం మాట్లాడేది పని గురించి.

ఇప్పుడు కొలుద్దాం. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ తీసి 240 ఎఫ్‌పీఎస్ పెట్టండి. అప్పుడు ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. మీ ఫోన్‌లో 120 మాత్రమే ఉంటే ఒక్కో ఫ్రేమ్ 8.3. గదిలో వెలుతురు బాగా ఉండాలి. మీ వేలూ స్క్రీనూ రెండూ ఫ్రేమ్‌లో పడేలా ఫోన్‌ని దేనికైనా ఆనించండి. ఒకే కీని ఆగి ఆగి పది సార్లు నొక్కండి. ఆ వీడియోని కంప్యూటర్‌లో వీఎల్‌సీలో పెట్టి 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకెళ్తుంది. కీ పూర్తిగా కిందకి దిగిన ఫ్రేమ్ నుంచి, అక్షరం కనపడిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. పదింటికీ సగటు తీయండి. పదీ దగ్గర దగ్గరగా ఉన్నాయా, లేక ఒకటి 20, ఇంకోటి 90 వస్తున్నాయా అన్నది కూడా రాసుకోండి. అది తర్వాత పనికొస్తుంది.

రెండు చోట్ల కొలవాలి. మొదటిది విండోస్‌లో నోట్‌ప్యాడ్. రెండోది వీఎమ్ లోపల టెర్మినల్. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే వీఎమ్ వాటా. నోట్‌ప్యాడ్‌లో కూడా బాగా లేటుగా వస్తుంటే, అప్పుడు ల్యాప్‌టాప్‌ని అనుమానించండి. నోట్‌ప్యాడ్ బాగుండి వీఎమ్ ఒక్కటే ఈడుస్తుంటే, తప్పు చాలావరకు సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఉత్త మాటలు కాకుండా ఒక కేస్ చెప్తా. మా గల్లీలో ఒక తమ్ముడు, బీటెక్ సెకండ్ ఇయర్. 8 జీబీ ర్యామ్, నాలుగు కోర్ల ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకున్నాడు. షాప్ అతను చూసి, కొత్తది కొనాల్సిందే అన్నాడట. వాళ్ల నాన్న నన్ను ఆపి అడిగారు: "బాబూ, డెబ్బై వేలు అంటున్నాడు. నిజంగా అవసరమా, లేక మావాడు ఫ్రెండ్స్‌ని చూసి అడుగుతున్నాడా?" ఆయన అప్పటికే చిట్టీ ఎత్తుదామని చూస్తున్నారు. "రెండు రోజులు ఆగండి అంకుల్" అన్నా.

కొలిచాం. నోట్‌ప్యాడ్‌లో సగటున 17 ఫ్రేమ్‌లు, అంటే 71 మిల్లీసెకన్లు. ఉబుంటు టెర్మినల్‌లో 62 ఫ్రేమ్‌లు, 258 మిల్లీసెకన్లు. అదే కీబోర్డ్, అదే స్క్రీన్, అదే ప్రాసెసర్. కాబట్టి మధ్యలో ఉన్న 187 మిల్లీసెకన్లు వీఎమ్ వాటా. ఇప్పుడు ఒక్కోటి మారుద్దాం, మార్చిన ప్రతిసారీ కొలుద్దాం. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మనకే తెలీదు.

మొదటిది గ్రాఫిక్స్. ఉబుంటులో సెట్టింగ్స్, అబౌట్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్ అన్న లైన్ చూడండి. అక్కడ 'ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్' అని ఉంటే అర్థం ఏంటంటే, గెస్ట్‌కి గ్రాఫిక్స్ కార్డు సాయం అందట్లేదు. ప్రతి నీడ, ప్రతి యానిమేషన్, ప్రతి విండో ప్రాసెసరే కూర్చుని రంగులేస్తోంది. వీడిది అదే. గెస్ట్ అడిషన్స్ అస్సలు వేసుకోలేదు. వేశాం. వీఎమ్ ఆపేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వీడియో మెమరీ 16 నుంచి 128 ఎమ్‌బీకి పెంచి, 3డీ యాక్సిలరేషన్ ఆన్ చేశాం. 62 కాస్తా 41 అయింది, అంటే 171 మిల్లీసెకన్లు. 3డీ ఆన్ చేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ మీద చారలొస్తాయి. అలా అయితే దాన్ని ఆఫ్ చేసి, ఉబుంటు బదులు జుబుంటునో లుబుంటునో వేసుకోండి. వాటి డెస్క్‌టాప్ తేలిక, గీయాల్సిన పని తక్కువ.

రెండోది కోర్లు. వీడు నాలుగు కోర్లకి నాలుగూ వీఎమ్‌కే ఇచ్చేశాడు, ఎక్కువిస్తే స్పీడ్ అని. ఓనర్ మోటార్ నీళ్లన్నీ పైకే ఎక్కిస్తే కింద వంట ఎలా? కీబోర్డ్ కబురు అందుకునేది, బొమ్మ స్క్రీన్ మీద పెట్టేది హోస్ట్. దానికి ప్రాసెసర్ దొరక్కపోతే గెస్ట్ ఎంత ఫాస్ట్‌గా ఉన్నా లాభం లేదు. రెండు కోర్లకి తగ్గించాం. 33 ఫ్రేమ్‌లు, 138 మిల్లీసెకన్లు. తగ్గిస్తే స్పీడ్ పెరిగింది. తమ్ముడు నమ్మలేక ఇంకోసారి కొలిపించాడు.

మూడోది తాబేలు. జోక్ కాదు, నిజంగానే తాబేలు. వర్చువల్‌బాక్స్ విండో కింద కుడి పక్క చిన్న గుర్తులుంటాయి, వాటిల్లో ఆకుపచ్చ తాబేలు కనపడుతోందా చూడండి. కనపడితే, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ని విండోస్ తన హైపర్-వీ కోసం ముందే పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని ద్వారా పని చేయించుకుంటోంది అని. అంటే అద్దెకున్నవాడు మళ్లీ ఇంకొకడికి అద్దెకిచ్చినట్టు. డబ్ల్యూఎస్‌ఎల్ 2 వేసినా, విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఇది రావచ్చు. వీడు ఎప్పుడో డబ్ల్యూఎస్‌ఎల్ ట్రై చేసి వదిలేశాడు. 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే తాబేలు పోయింది. 24 ఫ్రేమ్‌లు. సరిగ్గా 100 మిల్లీసెకన్లు.

ఇక్కడ జాగ్రత్త. మెమరీ ఇంటెగ్రిటీ అనేది సెక్యూరిటీ ఫీచర్. ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంక్ పనులు చేస్తుంటే దాన్ని ఊరికే ఆఫ్ చెయ్యొద్దు. డబ్ల్యూఎస్‌ఎల్ మీకు నిజంగా అవసరమైతే వర్చువల్‌బాక్స్ వదిలేసి దాన్నే వాడుకోండి. రెండిటినీ ఒకే ల్యాప్‌టాప్‌లో సమానంగా మొయ్యాలనుకుంటేనే ఈ తిప్పలు.

258 నుంచి 100కి. ఖర్చు సున్నా. అంకుల్ అంతా విని ఒక్కటే అడిగారు: "మరి ఆ షాప్ అతను ఇవన్నీ ఎందుకు చూడలేదు బాబూ?" దానికి నా దగ్గర మర్యాదైన జవాబు లేక నవ్వి ఊరుకున్నా.

ఇంకో విషయం కూడా వాడికి చెప్పా, మీకూ చెప్తా. ఓఎస్ ల్యాబ్‌లో చేసేవి ఏంటి? ఫోర్క్, పైప్, షెడ్యూలింగ్, ఇవన్నీ సీ ప్రోగ్రాములు. వాటికి డెస్క్‌టాప్ ఎందుకు? వర్చువల్‌బాక్స్‌లో హెడ్‌లెస్ స్టార్ట్ అని ఉంటుంది. వీఎమ్ వెనకాల నడుస్తుంది, విండో రాదు. ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వేసి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో హోస్ట్ పోర్ట్ 2222ని గెస్ట్ పోర్ట్ 22కి కలపండి. ఇక విండోస్ టెర్మినల్ నుంచో వీఎస్ కోడ్ నుంచో నేరుగా లోపలికి. అప్పుడు బొమ్మలు గియ్యడం, కాపీ చెయ్యడం ఏమీ ఉండదు, అక్షరాలు మాత్రమే వెళ్లొస్తాయి. అక్షరాన్ని స్క్రీన్ మీద పెట్టేది విండోసే కాబట్టి ఆలస్యం దాదాపు నోట్‌ప్యాడ్ దగ్గరికి వచ్చేస్తుంది. వీఎమ్‌కి మెమరీ కూడా తక్కువ సరిపోతుంది.

మరి ర్యామ్ ఎప్పుడు కొనాలి? మీరు రాసుకున్న పది నంబర్లు మళ్లీ చూడండి. అన్నీ ఒకేలా ఎక్కువగా ఉంటే అది సెట్టింగ్స్ ల్యాగ్. కొన్ని 20, కొన్ని 90, మధ్యలో ఒకసారి సెకను పాటు మొత్తం బిగుసుకుపోతే, వీఎమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తియ్యండి. మెమరీ 90 శాతం పైన, డిస్క్ 100 దగ్గర కూర్చుంటే మెమరీ చాలక డిస్క్‌ని వాడుకుంటోంది అని. ముందు క్రోమ్ ట్యాబ్‌లు మూసి చూడండి. అయినా తప్పకపోతే ఇంకో ర్యామ్ స్టిక్, ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ఒక ఎస్‌ఎస్‌డీ. రెండూ కలిపినా కొత్త ల్యాప్‌టాప్ ధర కాదు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. మోడల్ నంబర్‌తో ముందే చూసుకోండి.

ఇంతవరకు వీఎమ్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఇప్పుడు రెండో రకం. వీఎమ్ ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, మీరు ఇంట్లోంచి దానికి కనెక్ట్ అవుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక మన నాదర్‌గుల్, మీర్‌పేట్, బాలాపూర్ ఇళ్లల్లో బెడ్రూములు ఆఫీసులయ్యాయి కదా, అప్పటి నుంచి ఇది మామూలైపోయింది. ఇక్కడ పైన చెప్పిన లెక్కకి ఇంకోటి కలుస్తుంది: దూరం.

ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల దూరానికి రానుపోను 1 మిల్లీసెకను. ముంబై మనకి రోడ్డు దూరం 700 కిలోమీటర్ల చిల్లర, అంటే 7 మిల్లీసెకన్లు. అమెరికాలో వర్జీనియా సుమారు 13 వేల కిలోమీటర్లు, అంటే కనీసం 130. కేబుల్ తిన్నగా పోదు, సముద్రాల్లో చుట్టూ తిరిగిపోతుంది, కాబట్టి నిజంగా 200 దాటడం మామూలే. మీ ల్యాప్‌టాప్ లక్ష రూపాయలదైనా, ఇంటర్నెట్ ప్లాన్ 300 ఎమ్‌బీపీఎస్ అయినా ఈ అంకె తగ్గదు. ప్లాన్ పెంచితే పైపు వెడల్పవుతుంది, పొట్టిగా అవ్వదు.

నాకు తెలిసిన ఒకావిడ, నాదర్‌గుల్‌లో ఉంటారు, పేరూ కంపెనీ వద్దు. ఆవిడ పని చేసే వీఎమ్ అమెరికాలో ఉంది. టీమ్ లీడ్ రోజూ అదే మాట: "మీ టాస్క్‌లు అందరికంటే లేట్ అవుతున్నాయి." అప్రైజల్ దగ్గరపడుతోంది. "అన్నా, నేను స్లో కాదు, అది స్లో. కానీ ఎలా చెప్పాలి?" అన్నారు. ఫీలింగ్‌తో చెప్తే సాకులా వినిపిస్తుంది. అంకెతో చెప్పాలి.

మొదట ఇంట్లో రౌటర్‌కి పింగ్ పెట్టించా. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లల్లో 192.168.1.1 ఉంటుంది, లేదంటే రౌటర్ కింద స్టిక్కర్ మీద చూడండి. 3, 80, 5, 190 అని ఎగురుతోంది. రౌటర్ హాల్లో, ఆవిడ వెనక గదిలో, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే కొట్టుకుంటున్నాయి. కేబుల్ లాగించాం, 1 దగ్గర నిలబడింది. అంటే కొంత ల్యాగ్ ఇంట్లోదే, అది పోయింది. ఇంకోటి, ఇంట్లో ఎవరి ఫోనో ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే ఆ టైమ్‌లో రౌటర్‌లో లైన్ పెరిగి మీ కీలు వాటి వెనక నిలబడతాయి. ఆ బ్యాకప్‌ని రాత్రికి మార్చుకున్నారు.

తర్వాత వీఎమ్ క్లయింట్ యాప్‌లో కనెక్షన్ ఇన్ఫో చూస్తే రానుపోను టైమ్ 230 దగ్గర, కదలకుండా. ఇది దూరం. ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేరు. స్లో మోషన్‌లో కొలిస్తే కీ నుంచి అక్షరానికి 340 మిల్లీసెకన్ల దాకా వచ్చింది. ఈ మూడు అంకెలు పెట్టి, ఒక స్క్రీన్‌షాట్‌తో, నాలుగు లైన్ల మెయిల్ రాశారు. వీఎమ్‌ని దగ్గరి రీజియన్‌కి మార్చే వీలుందా అని అడిగారు. అడగడంలో తప్పు లేదు. అమెజాన్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ 2016 నుంచి ఉంది. మన హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్ 22న మొదలైంది. మన ఊరి పక్కనే సర్వర్ పెట్టుకునే అవకాశం ఉండి, ప్రతి అక్షరాన్ని సముద్రం దాటించాల్సిన అవసరం అన్ని పనులకీ ఉండదు.

సినిమాలోలాగా అంతా మారిపోయిందని చెప్పను. క్లయింట్ డేటా అమెరికా దాటి రాకూడదని కాంట్రాక్ట్‌లో ఉందట, వీఎమ్ అక్కడే ఉంది. కానీ ఎక్కువ టైప్ చేసే పని, అంటే డాక్యుమెంట్లు, టెస్ట్ కేసులు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే రాసుకుని తర్వాత పైన పెట్టడానికి పర్మిషన్ ఇచ్చారు. లీడ్ ఆ తర్వాత "లేట్" అన్న మాట ఎత్తలేదని ఆవిడ చెప్పారు. మీరు ఇలాంటిది చేసేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఆఫీసు స్క్రీన్‌ని సొంత ఫోన్‌తో వీడియో తీయడం చాలా కంపెనీల్లో నిషేధం. ముందు అనుమతి అడగండి, లేదా క్లయింట్ యాప్ చూపించే టైమ్ ఒక్కటే పంపండి, అది చాలు.

కాబట్టి ఈ రాత్రి చెయ్యాల్సింది. నోట్‌ప్యాడ్‌లో పది సార్లు, వీఎమ్‌లో పది సార్లు కొలిచి, రెండు సగటులూ ఒక కాగితం మీద రాయండి. తర్వాత గ్రాఫిక్స్ లైన్, కోర్లు, తాబేలు, ఈ ఆర్డర్‌లో ఒక్కోటి మారుస్తూ పక్కనే కొత్త అంకె రాయండి. దూరపు వీఎమ్ అయితే ముందు రౌటర్‌కి పింగ్. ఇవన్నీ అయ్యాక కూడా నోట్‌ప్యాడే ఈడుస్తుంటే, సరే, అప్పుడు ల్యాప్‌టాప్ గురించి ఇంట్లో మాట్లాడండి. ఆ కాగితం నాన్నగారికి చూపించి మాట్లాడండి. ఆయనకి ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అర్థం కాకపోవచ్చు, రెండు అంకెల మధ్య తేడా మాత్రం బాగా అర్థమవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ మార్చడం, స్క్రూ విప్పడం దగ్గర్నుంచి చేసి చూపిస్తా. స్క్రూడ్రైవర్ రెడీగా పెట్టుకోండి. ఉంటా మరి, బై.